చేత్తో నాటిన చెట్టు

నాగేంద్రమ్మ గొడ్డలిని చొప్పవామిలోకి మోచేతి దాకా తోసి, పైన రెండు మోపులు వేసింది. వేశాక కూడా మనసు ఊరుకోలేదు. పిడి కొస కనబడుతుందేమోనని వంగి చూసింది. కొడుకు యలమంద పశువులకు నీళ్ళు పెట్టి ఇంకా రాలేదు. వచ్చి అడిగితే, పిడి వదులైతే వడ్రంగికి ఇచ్చానని చెప్పాలనుకుంది.

ఆమె భయం ఇవాళ్టిది కాదు. మొగుడు బతికున్న రోజుల్లో, తాము కౌలుకు పట్టిన మెరక చేను తుమ్మా పరికీ అల్లుకున్న బీడు. ఇద్దరూ పొదలు కొట్టి, వేళ్ళు పెకలించి, అరచేతులు చితికితే గుడ్డలు చుట్టుకుని మళ్ళీ కొట్టి, దాన్ని జొన్నచేను చేశారు. యలమంద ఆ జొన్నన్నం తినే పెరిగాడు. మొగుడు పోయాక ఓ తొలకరికి ఆసామి వీరరాఘవయ్య బండ్ల మీద మామిడి అంట్లు దింపించాడు. రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట దాకా చేలన్నీ తోటలవుతున్న కాలమది. ఆయన కౌలుదార్లనెవర్నీ పొమ్మనలేదు. చెట్లు ఎదిగేదాకా మధ్యలో జొన్నో కందో వేసుకోండి, చెట్లకు నీళ్ళు పొయ్యండి, అంతే చాలన్నాడు. ఒక్కటి మాత్రం పట్టుబట్టాడు. ఎవరి చేలో అంట్లు వాళ్ళే నాటాలి, తొలి కుండ నీళ్ళు వాళ్ళే పొయ్యాలి.

నాగేంద్రమ్మ అదో మర్యాద అనుకుంది. చేతులకు పసుపు రాసుకుని ఒక్కో అంటునూ బిడ్డను నిలబెట్టినట్టు గోతిలో నిలబెట్టి మట్టి తొక్కింది. చేత్తో నాటిన చెట్టును నరికితే, నాటినవాళ్ళ కడుపున పుట్టినవాడు పోతాడని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకైనా తెలుసు. వీరరాఘవయ్యకు ఇంకా బాగా తెలుసు. కర్ర పట్టుకున్న కాపలావాడు ఎప్పుడో ఒకప్పుడు కునుకు తీస్తాడు. ఈ కాపలా తియ్యదు.

ఏటేటా నీడ పెరిగింది, కంకి చిక్కింది. నిరుడు సగం తాలే. జమీందారీలు పోతున్నాయి, దున్నేవాడికే చేను దక్కుతుందని కుర్రాళ్ళు చెప్పుకుంటుండగానే వీరరాఘవయ్య పెద్దపాలేరు పరదేశి సంక్రాంతి వెళ్ళగానే ఇంటింటికీ కబురు తెచ్చాడు. వచ్చే తొలకరి నుంచి ఎవరూ నాగలి దించకూడదట. వేళ్ళు తెగుతున్నాయట. ఇది చేను కాదు, తోటట.

పక్కింటి సాంబయ్య ఆ మాట పడలేక తను నాటిన చెట్లు రెండు కొట్టేశాడు. పరదేశి మనుషులు అతన్ని బండిచక్రానికి కట్టి రెండు మణికట్లూ విరగ్గొట్టారు. ఆ నెలలోనే అతని కొడుకు కలరాతో పోయాడు. కలరా అప్పుడు వాడకట్టునే ఊడ్చుకుపోయింది గాని, సాంబయ్య కొడుకును మాత్రం చెట్టే తీసుకుపోయిందన్నారు. అప్పట్నుంచి నాగేంద్రమ్మ, కొడుకు దగ్గితే లేచి కూర్చునేది.

అలాంటిది, నిన్న సాయంత్రం యలమంద గొడ్డలికి పదును పెట్టాడు.

"నాటింది నువ్వు. నరికేది నేను. నాకేంటమ్మా పాపం?"

"నీకు కాదురా నాయనా. నాటింది నేను. పోయేది నా కొడుకు."

"చెట్టు ఉంచితే జొన్న లేకుండా పోతాం. మామిడాకులు మేద్దామా?"

కోడలు పుష్పవతి చాటలోంచి తలెత్తకుండానే, మేకలమైతే పాలన్నా ఇచ్చేవాళ్ళం అంది. ముగ్గురూ నవ్వారు. నవ్వినందుకు కూడా నాగేంద్రమ్మకు భయమేసింది.

ఇప్పుడు యలమంద వచ్చి గొడ్డలి అడిగాడు. ఆమె వడ్రంగి మాట చెప్పింది. వాడు తల్లి మొహంలోకి చూసి, ఆమె జుట్టులో ఇరుక్కున్న చొప్పాకు తీసి పారేశాడు.

"సరేలే. చెట్ల జోలికి పోను. దున్నుకుని వస్తా."

ఎడ్లను తోలుకుని ఉత్త చేతుల్తో వెళ్ళాడు. నాగేంద్రమ్మ గుండె కుదుటపడింది. పొయ్యి దగ్గర కూర్చున్నాక మామూలుగానే పాము గుర్తొచ్చింది, ఎద్దు కొమ్ము గుర్తొచ్చింది, పిడుగు గుర్తొచ్చింది. మనుషులు మాత్రం గుర్తు రాలేదు.

అంబలి ముంత పట్టుకుని చేను గట్టెక్కేసరికి ఎడ్లు అరుస్తున్నాయి. నాగలి సాలులో కూరుకుపోయి ఉంది. కర్రు కింద మణికట్టంత వేరు తెగి తెల్లగా తేలింది. దాని పక్కనే యలమంద బోర్లా పడి ఉన్నాడు. నలుగురు కర్రలతో గోనెలు దులిపినట్టు కొడుతున్నారు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీదికే వినిపించింది. నాగేంద్రమ్మ పరుగున పోయి కొడుకు మీద పడింది. లేచిన కర్ర ఆగక ఆమె వీపు మీద దిగింది. పరదేశి చాలన్నాడు.

"గొడ్డలి నూరాడని ఊరంతా చెప్పుకుంటే నలుగుర్ని వెంటేసుకొచ్చా. వచ్చేటప్పుడు వీళ్ళ కాళ్ళు వణికాయి. అది చేతిలో ఉంటే ఒక్కడూ దగ్గరికి పోయేవాడు కాదు. ఏదే ఆ గొడ్డలి?"

కొడుకు తలను ఒళ్ళోకి తీసుకుంది. చెవిలోంచి నెత్తురు కారి ఆమె చీర తడిసింది. వాడు ఏదో అనబోయాడు. పళ్ళు విరిగిన నోట్లోంచి నురగే వచ్చింది. ఎండ నడినెత్తికి రాకముందే ఊపిరి ఆగిపోయింది.

పుష్పవతి వచ్చి, అరిచి, కూలబడింది. నాగేంద్రమ్మ కొడుకు తలను కోడలి ఒళ్ళోకి మార్చి ఇంటికి నడిచింది. ఏడవలేదు. మోపులు లాగిపారేసి గొడ్డలి తీసుకుని వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళింది.

తెగిన వేరున్న చెట్టు మొదలు మీద మొదటి వేటు వేసింది. సొన చిమ్మింది. రెండో చెట్టు కూలేసరికి కబురంది వీరరాఘవయ్య, పరదేశినీ ఆ నలుగుర్నీ వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. పరదేశి ముందుకు ఉరకబోతే, ఆమె గొడ్డలి చెట్టు మీదనుంచి తీసి వాడివైపు తిప్పింది. వాడు ఆగాడు. వాడి వెనక నలుగురూ ఆగారు.

వీరరాఘవయ్య గొంతు తగ్గించి అన్నాడు. "నాగేంద్రమ్మా, అది నీ చేత్తో నాటిన చెట్టే."

"అవునయ్యా. దానికి పోవాల్సినవాడు ముందే పోయాడు. నన్ను దేనితో ఆపుతారు?"

ఆమె మూడో చెట్టు దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి గట్టవతల నుంచి సాంబయ్య దిగొచ్చాడు. వంకరగా అతుక్కున్న చేతుల్తో పట్టు కుదరక, కొమ్మను మోచేతుల మధ్య ఇరికించుకుని గట్టు మీదికి లాగాడు. ఆమె నరుకుతూ పోయింది, అతను లాగుతూ పోయాడు. యలమంద సగంలో వదిలేసిన సాలు మీద ఎండ పడింది.