కారంలో గరిటెడు నూనె

బాబాయి ఫోన్ పెట్టేసినా సాహితి చెయ్యి రిసీవర్ మీదే ఉండిపోయింది.

గుంటూరు పక్క పల్లె నుంచి పాండురంగ బాబాయి పొద్దున్నే చేశాడు. ఇవాళ కారం బేరం కుదరబోతోందని ఆయనకి తెలుసు. నాన్న కంటే ఆయనకే ఆత్రం ఎక్కువ.

"చూడు సాహితీ, ఆ దొర మన కారం మీంచి కళ్ళు తిప్పుకోలేడు. నిగనిగలాడేట్టు చేశా. మర పట్టించే ముందు కాయలకి బస్తాకో గరిటెడు నూనె పట్టించా."

"ఏం నూనె బాబాయ్?"

"ఏం నూనేంటే? మనింట్లో ఇంకేం నూనె ఉంది, గానుగ పట్టించిన వేరుశనగ నూనె. ఐర్లాండు పోయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే దొరసానివైపోయావా?" అని నవ్వి పెట్టేశాడు.

సాహితికి బడిలో జరిగింది గుర్తొచ్చింది. కిందటి నెల ఆమె బడికి ఇడ్లీ, పల్లీల పచ్చడి పట్టుకెళ్ళింది. డబ్బా మూత తీసిందో లేదో, టీచరమ్మ పరుగున వచ్చి డబ్బా లాగేసుకుని, చేతులు కడుక్కు రమ్మని పంపింది. తరగతిలో ఈఫా అనే పిల్లకి పల్లీలు పడవట. కొంచెం తగిలినా గొంతు మూసుకుపోతుందట. అలా అయితే వెంటనే పొడవడానికి ఆ పిల్ల సంచీలో ఎప్పుడూ ఒక మందు సూది ఉంటుంది. ఆ రోజు అందరూ తనవైపు చూసిన చూపు సాహితి ఇంకా మర్చిపోలేదు.

నాన్న చక్రధర్ అప్పటికే కారెక్కి హారన్ కొడుతున్నాడు. వాళ్ళుండే కార్క్ ఊరి దగ్గర మందుల ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే ఉద్యోగం ఆయనది. మాంద్యం వచ్చి ఫ్యాక్టరీ సగం మూతపడింది, ఆ సగంలో ఆయన ఉద్యోగమూ పోయింది. ఏడాది పాటు ఎక్కడ అడిగినా తల అడ్డంగా ఊపినవాళ్ళే. అమ్మ గిరిజాకుమారి హోటల్లో గదులు శుభ్రం చేస్తోంది. చివరికి తమ్ముడు అక్కడ కారం పట్టించేట్టు, తను ఇక్కడ అమ్మేట్టు అనుకున్నారు. ఇది కుదరకపోతే మస్కట్‌లో ఒక ఉద్యోగం ఉంది, నాన్న ఒక్కడే వెళ్ళాలి. సాహితి తొమ్మిదో తరగతి దాకా బాబాయి ఇంట్లోనే పెరిగింది. నాన్నతో ఒకే కప్పు కింద ఉంటోంది ఈ రెండేళ్ళే.

కారం కొనే దొర ఉండేది పోర్ట్‌లీష్ అనే ఊళ్ళో. సగం దారిలో సాహితి నూనె సంగతి చెప్పేసింది.

నాన్న వైపర్లు ఆన్ చేశాడు. వాన పెద్దగా లేదు.

"గరిటెడేగా. బస్తా మొత్తానికి గరిటెడు. ఆ మర వేడికి ఏం మిగులుతుంది?"

"ఈఫాకి కొంచెం తగిలినా..."

"సాహితీ. నేను మాట్లాడతాలే."

ఆ మాట అన్నప్పుడు ఆయన ఆమె వైపు చూడలేదు. ఏళ్ళ తరబడి మందులు పరీక్షించిన మనిషికి ఆ గరిటెడు సంగతి తెలియకపోవడం ఏమిటి? మాట్లాడతానన్నాడు కదా, చెప్తాడేమో అనుకుని సాహితి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

డన్ అనే ఆయన ఊరి చివర సాసేజీలు, బర్గర్లు తయారుచేస్తాడు. తెల్ల టోపీ, భారీ మనిషి. బస్తా మూతి విప్పి చిటికెడు కారం అరచేతిలో రుద్ది చూశాడు. నాలిక్కి తగలగానే ముఖం కందగడ్డైంది.

"గ్రాండ్," అన్నాడు దగ్గుతూ. "పక్క మైదానంలో మధ్యాహ్నం పిల్లల ఆట ఉంది, బర్గర్లు మావే. మా టీము ఈ ఏడాది ఒక్క ఆట గెలవలేదు. దీని దెబ్బకైనా పరిగెత్తుతారేమో."

నాన్న నవ్వాడు. ఏడాదిలో ఆయన అలా నవ్వడం సాహితి చూడలేదు.

డన్ గిన్నెడు కారం తీసి, తిరుగుతున్న మాంసం యంత్రం దగ్గరికి నడిచాడు. "కారమొక్కటే కదా? పల్లీలూ, జీడిపప్పూ అవీ ఏం కలవలేదు కదా? అందర్నీ అడుగుతాంలే."

"కారమొక్కటే," అన్నాడు నాన్న.

గిన్నె యంత్రం మీద వంగింది.

"అందులో వేరుశనగ నూనె ఉంది," అంది సాహితి ఇంగ్లీషులో.

యంత్రం హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. పెదాలు కదలడం మాత్రం డన్ చూశాడు. "ఏమన్నావమ్మా?"

నాన్న ఆమెనే చూస్తున్నాడు. వద్దని తల ఊపలేదు, ఊరికే చూస్తున్నాడంతే. ఆ చూపు కంటే కసురుకున్నా బాగుండుననిపించింది. అప్పటికే ఎర్రటి పొడి కొంత మాంసంలోకి జారింది.

"వేరుశనగ నూనె," అంది మళ్ళీ, ఈసారి అరిచినట్టే.

డన్ యంత్రం ఆపాడు. ఆ నిశ్శబ్దంలో నాన్న వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

"నిజమే."

"ఎప్పుడు తెలిసింది?"

"దారిలో. ఇక్కడికి వచ్చేముందే."

డన్ కేకలెయ్యలేదు. మాంసం మొత్తం చెత్తడబ్బాలోకి తోయించి, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. "తెలియక జరిగితే ఇంకో బస్తా తెమ్మనేవాణ్ణి," అన్నాడు తుడుచుకుంటూ. "ఈ బస్తాలు బయట పెట్టు. మళ్ళీ రావద్దు."

తండ్రీకూతుళ్ళు వానలో బస్తాలు కారుకెత్తారు.

కార్క్‌లో నాన్న ఇంటి దారి పట్టలేదు. ఒక చిన్న కేఫ్ ముందు ఆపాడు.

"కిందటి వారం ఈ కారమే వీళ్ళకో పాకెట్ ఇచ్చాను, వాడి చూడమని."

సాహితి తలుపు మీద చెయ్యి వేసింది. "నేనూ రానా?"

"వద్దు. ఇది నేను చెప్పాల్సింది."

అద్దంలోంచి కనిపిస్తోంది. కౌంటర్ వెనక ఆవిడ నవ్వుతూ పలకరించింది, తర్వాత నవ్వు మానేసింది, లోపలికి వెళ్ళింది. నాన్న చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో మూల కత్తిరించిన పాకెట్ ఉంది. సగం పైగా ఖాళీ.

"ఎవరికైనా..."

"ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదంట. తిన్నవాళ్ళెవరో ఆవిడకి మాత్రం ఏం తెలుసు?"

పాకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కారు స్టార్ట్ చెయ్యలేదు.

"మస్కట్ వాళ్ళకి సరేనని చెప్పాలి," అన్నాడు.

"కోపమా నాన్నా?"

"ఉంది. నీ మీదా, నా మీదా అని ఇంకా తేల్చుకోలేదు," అని సెల్‌ఫోన్ తీశాడు.

అవతల బాబాయి గొంతు కారంతా వినిపించింది: ఏమైంది అన్నయ్యా, దొర ఏమన్నాడు?

"రంగు చాలా బాగుందన్నాడు పాండూ," అన్నాడు నాన్న. "మిగతా బస్తాలు ఎవరికీ పంపకు. నూనె సంగతి చెప్తాను, విను."