లాంతరు మనిషి వంతెన దాటిన రోజు

కికిండా ఊళ్ళో ప్రతి నెలా మొదటి ఆదివారం మధ్యాహ్నం తివదార్ కఫానాలో, అంటే తినీ తాగే హోటల్లో, ఒక బల్ల దగ్గర మాత్రం ఎవరూ రాజకీయాలు ఎత్తరు. ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే ఆ నెలలో ఏదో ఒక వీడియో గేమ్ చివరిదాకా ఆడి ఉండాలి. ముప్ఫై ఏళ్ళ నాటిదైనా సరే, మొన్న వచ్చినదైనా సరే, చివరంటూ కళ్ళారా చూసి ఉండాలి. "దాదాపు అయిపోయింది" అన్నవాళ్ళకు పక్క బల్ల దగ్గర కుర్చీ వేస్తారు. ఆడినవాళ్ళు మొదలు నుంచి ముగింపుదాకా ఏదీ దాచకుండా చెప్పాలి. చెప్పాక, పూర్తిచేసిన సంతోషానికి బల్లకంతా తాగడానికి పోయించాలి. ఈ ఊళ్ళో ఎవరికి సంతోషం కలిగితే వాళ్ళే నలుగురికీ పెట్టాలి. కారు కొన్నా అంతే, మూత్రంలో రాయి పడిపోయినా అంతే.

ఈ రూల్స్ పెట్టినవాడు వుకాషిన్. కారు నడపడం నేర్పిస్తాడు. ఊళ్ళో సగం మంది అతని దగ్గర నేర్చుకుని రోడ్డెక్కినవాళ్ళే, మిగతా సగం అతను ఇంకా ఎక్కనివ్వనివాళ్ళు. అద్దాలు మూడుసార్లు చూడనిదే గేరు వెయ్యనివ్వడు. రూల్ అంటే అతనికి అంత ప్రీతి.

అయితే మార్చి నెల ఆదివారం మాత్రం అందరిదీ కాదు, వుకాషిన్ సొంత పండుగ. ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ తాతల నాటి నుంచి వచ్చే ఒక పునీతుడి పండుగ ఉంటుంది. వుకాషిన్‌కు రెండు. ఒకటి తాత ఇచ్చింది, రెండోది తను సంపాదించుకున్నది. పద్నాలుగో ఏట మార్చి నెలలో, ఊరందరికంటే ముందు, «లాంతరు మనిషి» ఆటను పూర్తిచేశాడు. జర్మనీలో పనిచేసే మేనమామ సరిహద్దులో సీటు కింద దాచి తెచ్చిన రబ్బరు మీటల కంప్యూటరు మీద, నలభై ఒక్క గదులు దాటి, లాంతరులో నూనె అయిపోకముందే వంతెన దాటాడు. తెర మీద కిరీటం వచ్చింది. కింద "అభినందనలు. ఆట ముగిసింది. నువ్వే రాజువి" అని రాసి ఉంది.

అప్పటిదాకా వుకాషిన్ ఎందుకూ కొరగానివాడని పేరు. లెక్కల్లో తప్పేవాడు, బంతాటలో పిల్లలు అతన్ని జట్టులోకి ఆఖరున పిలిచేవాళ్ళు. ఆ మర్నాటి నుంచి బడంతా రాజా అని పిలిచింది. ఇప్పటికీ పోస్టుమ్యాన్ అలాగే పిలుస్తాడు. ఆ తర్వాత జీవితంలో యుద్ధాలు, జీతాల్లేని రోజులు, నడుం నొప్పి అన్నీ వచ్చాయి. ఏది వచ్చినా, నేను వంతెన దాటినవాణ్ణి అనుకుని నెట్టుకొచ్చాడు. అందుకే ప్రతి మార్చిలో గొర్రెపిల్లను కాల్పించి బల్లకంతా పెడతాడు. నవ్వేవాళ్ళు నవ్వారు, తినేవాళ్ళు తిన్నారు, తిన్నవాళ్ళే ఎక్కువ.

ఈ ఏడూ మాంసం వాసన వంటింటి నుంచి బయటికి వచ్చేసరికి బల్ల దగ్గర నలుగురు చేరారు. వుకాషిన్, కఫానా యజమాని తివదార్, వుకాషిన్ కూతురు తియానా, ఇంకా యగోడా. యగోడా పాల కేంద్రంలో పాలు పరీక్షించే మనిషి. ఈ ఊరి పశువుల డాక్టరును పెళ్ళి చేసుకుని నోవీ సాద్ నగరం నుంచి వచ్చింది. బల్లకు కొత్త. ఇది రెండో నెల.

మొదట తియానా చెప్పింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చేతులు ఊపుతూ చెబుతుంటే రకియా అనే పళ్ళ సారా గ్లాసులు పక్కకు జరపాల్సి వచ్చింది.

"మనం స్టేషన్ మాస్టరం అన్నమాట. రోజుకు ఒకే రైలు. అదీ ఆలస్యమే. వచ్చినవాళ్ళకు టీ ఇవ్వాలి, కబుర్లు చెప్పాలి, సామాను ఎక్కించాలి. అంతే."

"అంతేనా? ఎన్ని గంటలు?" అన్నాడు వుకాషిన్.

"డెబ్బై."

"డెబ్బై గంటల్లో నేను ఇద్దరికి లైసెన్సు ఇప్పిస్తాను. ఇంతకీ ఎలా చస్తాం?"

"చావం నాన్నా. అందులో చావు లేదు."

"చావే లేనిది ఆటేమిటే, ఉప్పులేని కూర."

"చివర ఏమవుతుందో విను. స్టేషన్ మూసేస్తారు. ఆఖరి రైలు ఒక్కటే టైముకు వస్తుంది. మనమే ఎక్కాలి. మన సామాను ఎక్కించడానికి ఎవరూ ఉండరు. నేను గంటసేపు ఏడ్చాను, అమ్మనడుగు."

తివదార్ ముక్కు తుడుచుకున్నాడు. అతనికి అన్నిటికీ ఏడుపొస్తుంది. తన వంతు వచ్చాక, కికిండా ఫుట్‌బాల్ జట్టును నాలుగోసారి ఐరోపా విజేతను చేశానని, ఫైనల్లో గోలు కొట్టినవాడికి ఆటలో తన బావమరిది పేరు పెట్టానని చెప్పాడు. ఆ బావమరిది బయట మెట్లు ఎక్కడానికే ఆయాసపడతాడని అందరికీ తెలుసు. బల్ల అదిరిపోయేలా నవ్వారు.

"ఇక నువ్వు చెప్పమ్మా యగోడా," అన్నాడు వుకాషిన్, పెద్దమనిషి తరహాలో.

యగోడా గొంతు సవరించుకుంది. "మీ పండుగ కదా అని, ఈ నెల «లాంతరు మనిషి» ఆడాను అన్నయ్యా. పూర్తిచేశాను."

వుకాషిన్ ముఖం చాటంత అయింది. లేచి ఆమెకు స్వయంగా రకియా పోశాడు. "పదిహేడో గది?"

"రెండు రంపాల గది. మూడు లెక్కపెట్టి దూకాలి."

"కప్పలు?"

"పైనుంచి పడతాయి. నిలబడిపోతే పడవు."

"భేష్. వంతెన దాటాక?"

"కాలిపోయిన తోట వస్తుంది," అంది యగోడా. "అక్కడి నుంచి రెండో సగం."

వుకాషిన్ రెండోసారి పోస్తున్న రకియా గ్లాసు నిండి బల్ల మీదికి పారింది. తివదార్ దాన్ని తుడవడానికి వంగి, అవసరమైనదానికంటే చాలాసేపు తుడిచాడు.

"తోటేమిటి?" అన్నాడు వుకాషిన్. "కిరీటం వస్తుంది. అభినందనలు అని వస్తుంది."

"నాకు రాలేదే. అభినందనలు అని ఏ భాషలో వస్తుంది?"

"ఏ భాషేమిటి, మన భాషలోనే."

"ఇంగ్లండులో చేసిన ఆట కదా అన్నయ్యా. వాళ్ళు మన భాషలో ఎందుకు చెబుతారు?"

వుకాషిన్‌కు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అనుమానం రాలేదు. అతనికే కాదు, ఊళ్ళో ఎవరికీ రాలేదు. "అప్పట్లో మన దేశమంటే అంత లెక్క ఉండేది," అన్నాడు చివరికి. "నువ్వు పుట్టావో లేదో."

"వంతెన అవతల ఇంకో నలభై గదులున్నాయి. చెప్పాలనే వచ్చాను."

"ఉంటే ఇక ఈ పండుగ చెయ్యను." మాట నోరు దాటాక వుకాషిన్‌కే గుండె జల్లుమంది. కానీ రూల్స్ పెట్టినవాడు వెనక్కి తగ్గితే ఎలా. "రాజూ కాదు, గీజూ కాదు. అందరి ముందూ అంటున్నాను."

యగోడా సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసింది. ఆ పాత కంప్యూటరు లాగే ఆడేట్టు అందులో ఏర్పాటు చేసుకుందట. "నేను చూపిస్తే నమ్మరు. మీరే దాటించండి."

వుకాషిన్ చొక్కా చేతులు మడిచాడు. వంటింట్లోంచి వంటమనిషి వచ్చింది, పక్క బల్లవాళ్ళు కుర్చీలు ఈడ్చుకొచ్చారు. లాంతరు మనిషి తెర మీద నిలబడ్డాడు, అరంగుళం మనిషి, పసుపు టోపీ. మొదటి గది, రెండో గది. వుకాషిన్ వేళ్ళు ఏమీ మరిచిపోలేదు. కప్పల గదిలో నిలిచాడు, రంపాల గదిలో మూడు లెక్కపెట్టాడు, గబ్బిలం తల మీదుగా పోతుంటే వంగాడు, తనూ కుర్చీలో వంగాడు. ఒక్కసారి కూడా చావలేదు. తియానా తండ్రిని ఎప్పుడూ ఇలా చూడలేదు. కారులో నిటారుగా కూర్చునే మనిషి ఇక్కడ ఎగిరెగిరి పడుతున్నాడు. నలభై ఒకటో గది వచ్చేసరికి వంటమనిషి పొయ్యి మీద ఏముందో మరిచిపోయింది.

"ఇదిగో వంతెన," అన్నాడు వుకాషిన్. "ఇదిగో కిరీటం."

లాంతరు మనిషి వంతెన దాటాడు. తెర నల్లబడింది. అంచుల వెంట రంగురంగుల చారలు పరుగెత్తాయి. ఆటలో తర్వాతి భాగం లోపలికి ఎక్కుతున్న గుర్తు అది, ఆ తరంవాళ్ళకు నిద్రలో చూపించినా తెలుస్తుంది. తెర మళ్ళీ వెలిగింది. కిరీటం లేదు. మోడుబారిన ఎర్రటి చెట్లు, వాటి మధ్య బాట, బాట మీద అరంగుళం మనిషి లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

 వుకాషిన్ చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫై ఏడేళ్ళుగా తను రాజు కాడు. సగం దారిలో ఆగిపోయి, గెలిచాననుకుని విందులు పెట్టిన వెర్రిబాగులవాడు. ఏడుపొచ్చేలా ఉంది.

ఏడ్చింది మాత్రం తివదార్. "నేనేరా," అన్నాడు.

"నువ్వేమిటి?"

"ఆ కిరీటం నేనే వేశాను. ఆ రోజుల్లో ఆటలు పాటల క్యాసెట్ల మీదే వచ్చేవి, ఊరందరికీ వాటిని కాపీ చేసిచ్చింది నేనేగా. ఈ ఆట రెండు పక్కలు పట్టేది. ఒక క్యాసెట్‌లో పదిహేను ఆటలు ఇస్తానని మాటిచ్చాను, రెండో పక్క పట్టలేదు. సగంలో ఆగితే తిడతారని ఒక సాయంత్రం కూర్చుని కిరీటం గీసి, కింద అభినందనలు రాసి ఆట చివర అతికించాను. ఎవరూ అంతదాకా రారులే అనుకున్నాను. నువ్వొచ్చావు."

"ముప్ఫై ఏడేళ్ళు నా ఎదురుగా కూర్చుని తిన్నావు కదరా."

"మొదటి ఏడు నవ్వొచ్చింది. రెండో ఏడు చెబుదామనుకుంటే నీ ముఖం చూసి నోరు రాలేదు. ఆ తర్వాత..." తివదార్ చెయ్యి వంటింటి వైపు ఊపాడు. "మాంసం బాగుండేదిరా."

"గొర్రెపిల్లలు నన్ను నమ్మి చచ్చాయిరా, పాపిష్టివాడా," అంటూ వుకాషిన్ లేవబోయాడు. లేస్తూ చెయ్యి ఏదో మీటకు తగిలింది. లాంతరు మనిషి రెండడుగులు వేశాడు. చెట్టు మీంచి ఒక కాకి సర్రున దిగి టోపీ ఎత్తుకుపోయింది. మనిషి చచ్చాడు.

"అరె," అన్నాడు వుకాషిన్.

మళ్ళీ కూర్చున్నాడు. తోట మొదటికి వచ్చాడు. ఈసారి కాకి కోసం ఆగాడు. కాకి రాలేదు, కాళ్ళ కింద నేల పోయింది. మళ్ళీ చచ్చాడు. మూడోసారి దూకాడు, దూకిన చోటే కాకి ఉంది.

"ఇదెక్కడి కాకిరా బాబూ," అని వుకాషిన్ పకపకా నవ్వాడు. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియలేదు. ఈ ఆటలో తను చచ్చి ఎన్నేళ్ళయింది? ఏ గదిలో ఏముందో ముందే తెలిసిన మనిషికి ఇప్పుడు రెండడుగుల అవతల ఏముందో తెలియదు. తను అన్నిటికంటే ఇష్టపడ్డ ఆట అయిపోలేదు. సగం అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా, తనకోసం. 

యగోడా జాలిపడింది. "కాకి సంగతి చాలా తేలిక అన్నయ్యా. ఆ ఎడమ చెట్టు కింద..."

"చెప్పకు."

"ముగింపులో మాత్రం..."

"తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఒక్క ముక్క చెప్పకు."

"ముగింపు దాచకూడదని రూల్ పెట్టింది నువ్వే కదా నాన్నా," అంది తియానా.

"ఆ రూల్ ఎవడో బుద్ధిలేనివాడు పెట్టాడు. కొట్టెయ్యండి."

వంటమనిషి గొర్రెపిల్లను తెచ్చి బల్ల మీద పెట్టింది. తివదార్ కళ్ళు తుడుచుకుని కత్తి అందుకున్నాడు. "మరి పందెం ఓడావు కదరా. పండుగ పోయినట్టేనా?" అన్నాడు బెంగగా.

వుకాషిన్ వినలేదు. ఈసారి ఏడడుగులు వెళ్ళాడు. ఎనిమిదో అడుగు దగ్గర బావి ఉంది. పడ్డాడు, బల్లను చేత్తో చరిచి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు, ఎవరో వీపు తట్టారు.

"తియానా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండానే. "రేపు పొద్దున కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

పాతికేళ్ళలో వుకాషిన్ ఒక్క పాఠం కూడా మానలేదు. తల్లి పోయిన రోజున కూడా మధ్యాహ్నం నుంచి పనిలోకి వెళ్ళాడు. తియానా ఫోన్ చేతిలోకి తీసుకుని తండ్రి వైపే చూస్తూ నిలబడిపోయింది. "ఏమైందని చెప్పను నాన్నా?"

"నిజమే చెప్పు," అన్నాడు వుకాషిన్. "ఇవాళే వంతెన దాటానని చెప్పు."

తియానా నంబర్లు నొక్కడం మొదలుపెట్టింది. తోటలో కాకి మళ్ళీ దిగింది.