నేల తాకని గోడ

ఇల్లందు చుట్టుపక్కల ఏ ఇంటికి స్కర్టింగ్ వేసినా రూప్లాకు అదొక పూట పని. గోడ అడుగున నాలుగంగుళాల బండ పట్టీ అతికించడం, సందులు పూడ్చడం, బీడీ ముట్టించడం. కళ్యాణి మేడం కట్టిస్తున్న ఇంట్లో మాత్రం పట్టీ గోడ మీదికి కాదు, గోడ లోపలికి పోవాలి. హైదరాబాద్ ఆర్కిటెక్టు గీసి పంపిన కాగితం ప్రకారం, ప్లాస్టరింగు నేలకు నాలుగంగుళాల పైనే ఆగిపోవాలి. దాని కింద నల్ల గ్రానైటు పట్టీ అర అంగుళం వెనక్కి కూర్చోవాలి. చూసేవాళ్లకు గోడ నేలను తాకకుండా, సన్నటి నీడ మీద నిలబడ్డట్టు ఉండాలి.

"అంటే గోడను జరంత లేపి పట్టుకున్నట్టు," అన్నాడు రూప్లా కాగితం అటూ ఇటూ తిప్పి.

కళ్యాణి నవ్వింది. ఆమె ఊళ్లోని డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్. "ముందు హాలు చేసి చూపించండి మేస్త్రీ. గీత తిన్నగా వస్తే పైఅంతస్తు కూడా మీ ఇద్దరికే. రాకపోతే హైదరాబాద్ నుంచి మనుషులొస్తరు."

రెండోవాడు జంపయ్య, ప్లాస్టరింగు మేస్త్రీ. ముప్పై ఏళ్ల కిందట చర్ల దగ్గరి గూడెం నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రూప్లాకు దారం కట్టడం నేర్పింది ఆయనే. హాలు గోడలకు పోయిన నెలలో ప్లాస్టరింగు చేసిందీ ఆయనే.

ఆ పొద్దున రూప్లా పొడుగు గోడ అడుగున ఈ మూల నుంచి ఆ మూలకు దారం బిగించాడు. బిగించి, చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. మూలల్లో గోడ అంచు దారానికి సరిగ్గా ఉంది. నడుమ మాత్రం వేలి మందం ముందుకు ఉబ్బింది.

ఎందుకుబ్బిందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. గోడంతా సాపు చేసినా, అడుగున జానెడు మేర ఏ మేస్త్రీ అంతగా పట్టించుకోడు. మామూలు ఇళ్లలో ఎలాగూ స్కర్టింగ్ కప్పేస్తుంది. దానికి తోడు జంపయ్యకు ఏడాదిగా కళ్లు మసక. ఆ సంగతి రూప్లాకొక్కడికే తెలుసు.

పట్టీ తిన్నగా పెడితే నీడ మూలల్లో సన్నగా, నడుమ లావుగా, పాము కప్పను మింగినట్టు కనబడుతుంది. గోడ ఇలా ఎందుకుందని మేడం అడుగుతుంది. ఆ మాట ఊళ్లో పడ్డాక జంపయ్యను మళ్లీ ఎవరూ పనికి పిలవరు.

రూప్లా దారం విప్పి ఉండ చుట్టాడు. గోడ వంపును బట్టి పట్టీని కూడా కాస్త కాస్త తిప్పుతూ పెడితే, నీడ అంతటా ఒకే మందంలో వస్తుంది. నల్లరాయి కదా, వంకర ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

మూడో ముక్క పెడుతుండగా జంపయ్య టీ గ్లాసుతో వచ్చాడు. కూర్చోవడానికి నేల తడుముకుంటే చేతికి దారం ఉండ తగిలింది.

"ఏంది రూప్లా, దారం కట్టలే?"

"చూపుకే అందుతున్నది మామా."

"నీ చూపు నాకెరుక లేదా? మొన్ననే ఇంకొకని సైకిలు నీదనుకొని తండా దాకా తొక్కుకపోతివి."

రూప్లా నవ్వలేదు. నవ్వకపోయేసరికి ముసలాయనకు అనుమానమొచ్చింది. గ్లాసు పక్కన పెట్టి రూళ్లకర్ర అడిగి తీసుకున్నాడు. గోడ నడుమ అడ్డంగా ఆనించి ఒక కొన నొక్కాడు. రెండో కొన లేచింది. అది నొక్కితే ఇది లేచింది.

"నాదే గదా," అన్నాడు.

"ఇటుకే అట్ల కట్టిండ్రు మామా."

"ఇటుక మీదికి నెట్టకు. అడుగు నేనే వదిలిన. ఎప్పుడూ వదిలేదే. ఇన్నేండ్లు నీ పట్టీలు నన్ను కాపాడినయ్." రూళ్లకర్ర తిరిగి ఇస్తూ, "ఇప్పుడు కండ్లు గూడ పోతున్నయ్," అన్నాడు.

అంతలో కళ్యాణి వచ్చింది. ఏమైందని అడిగింది. రూప్లా నోరు తెరిచేలోపే జంపయ్య లేచి నిలబడ్డాడు.

"గోడ నడుమ ఉబ్బింది మేడం. నేనేసిందే. నాకు చూపు ఆనుత లేదు. మోకాలెత్తు దాకా చెక్కి మళ్ల ఏస్త. దారం వీడు చూస్తడు, చెయ్యి నాది. అప్పటికీ నచ్చకుంటే మీ మనుషులను పిలిపిచ్చుకోండ్రి."

ఆమె గోడ అడుగున పెట్టిన మూడు ముక్కల వైపు చూసింది. "మరి ఇవి?"

"ఇది నా తప్పు," అన్నాడు రూప్లా. "గోడ వంకర దాచబోయిన. తీసేస్త."

కళ్యాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎల్లుండి సాయంత్రం చూస్తా," అని వెళ్లిపోయింది.

రెండు రోజులు హాల్లో ఆ రెండు గొంతులే. "లోపలికి మామా." "ఇంకెంత?" "గోరంత." "నీ గోరా, నా గోరా?" "నాదే. నీ గోరు పలుగంత ఉంటది." రూప్లా దారం మీంచి కళ్లు తీయలేదు. జంపయ్య తాపీ పోయిన చోటికల్లా వెనకాలే ఆయన అరచేయి తడుముతూ పోయింది.

చెప్పిన సాయంత్రం కళ్యాణి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మూలన కూర్చుంది. ఒక కన్ను మూసి గోడ వెంట చూసింది. నల్లపట్టీ పైన నీడ ఆ చివరిదాకా దారం లాగే పోయింది.

"పైన కూడా ఇట్లనే చేస్తరా? ఇద్దరూ కలిసే?"

"చేస్తం మేడం. ముందు మాత్రం ఈయనను ఖమ్మం కండ్ల దవాఖానకు తీస్కపోత," అన్నాడు రూప్లా.

"పోదాంలేరా," అన్నాడు జంపయ్య. ఆయన గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. నీడ పడే సందులో చిటికెన వేలు పెట్టి, జరుగుతూ జరుగుతూ ఆ మూలదాకా పోయాడు. వేలు ఎక్కడా తట్టుకోలేదు.

"పైన ఎన్ని గోడలున్నయి?" అని అడిగాడు అక్కడినుంచే.

"పదహారు మామా."

"ఈసారి అడుగునుంచే మొదలుపెడ్దాం," అని చెయ్యి దులుపుకున్నాడు.