గొళ్ళెం లేని తలుపు

"ఇది మూడో రోజు, మికామి గారూ. ట్రే ముట్టలేదు," అంది సెత్సుకో మెట్ల కింద నిలబడి, గుసగుసగా. పైనున్న కొడుకు వింటాడేమోనని గొంతు తగ్గించడం ఆమెకు పదిహేడేళ్ళ అలవాటు.

మికామి తొషియే బూట్లు విప్పి, మోకాలి పట్టీ పైకి లాక్కుని మెట్లెక్కింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గది దాటి బయటికి రానివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, తలుపు ఇవతల కూర్చుని మాట్లాడడం ఆమె ఉద్యోగం. వారానికి పన్నెండు ఇళ్ళు. ఈ ఇంటికి ఆరేళ్ళుగా ప్రతి గురువారం వస్తోంది.

గది ముందు ట్రేలో చారు మీద పొర కట్టింది. కాల్చిన చేప ఎండి వంకర తిరిగింది. జూలై వేడికి వసారా చెక్కలు కూడా కాలుతున్నాయి.

"నొబుయుకి గారూ, మికామిని. నిన్న మా జట్టు మళ్ళీ ఓడింది. వెక్కిరించండి."

తలుపు అవతల ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట బేస్‌బాల్ గురించే. "మీ వాళ్ళకి బంతి కనబడదేమో, కళ్ళద్దాలు కొనిపెట్టండి." ఆ మాట కోసం ఆమె మూడేళ్ళు ఆగింది. ఆ సాయంత్రం కారులో కూర్చుని ఏడ్చింది.

పోయిన నెల అతను కిందికి దిగి, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. సెత్సుకో పట్టలేని సంతోషంతో శుభకార్యాలకు వండే ఎర్ర చిక్కుడు గింజల అన్నం వండిపెట్టింది. నలభై ఏళ్ళ కొడుకు గిన్నెలోకి చూశాడు. "ఏం పండగ?" అన్నాడు. అన్నం తినే పుల్లలు కింద పెట్టి పైకి వెళ్ళిపోయాడు. మళ్ళీ దిగలేదు.

అప్పటినుంచి తల్లికి అడుగు తీసి అడుగు వేయాలన్నా భయం. తొషియేకి ఇంకా భయం. మంగళవారం సెత్సుకో ఫోన్ చేసింది. "ట్రే అలాగే ఉంది. తలుపు కొంచెం జరపనా?" తొషియే వెంటనే చెప్పింది. "వద్దు. ఒకసారి తొందరపడ్డాం, చాలు. గురువారం నేనొస్తాగా."

ఆ తలుపు కాగితం అతికించిన జరుపుడు తలుపు. దానికి గొళ్ళెం లేదు. పదిహేడేళ్ళుగా దాన్ని మూసి ఉంచింది ఇంట్లోవాళ్ళ మర్యాద ఒక్కటే.

"క్షమించండి," అంటూ తొషియే రెండు వేళ్ళతో జరిపింది. తేలిగ్గా జరిగింది.

వేడి మొహాన కొట్టింది. కిటికీ రెక్కలన్నీ మూసి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నొబుయుకి గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఆమె మెడ మీద చెయ్యి వేసి చూసింది; నాడి అందలేదు.

వచ్చిన డాక్టరు వడదెబ్బ అన్నాడు. "నిన్న పొద్దుటి దాకా ప్రాణం ఉండి ఉంటుంది," అని రాసుకుంటూ చెప్పాడు.

ఆ మాట అప్పుడే వచ్చిన నొబుయుకి చెల్లెలు చిహారు చెవిన పడింది. కబురు తెలిసి, పనిచేసే బేకరీ నుంచి ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది.

"నిన్న పొద్దుటి దాకానా? అమ్మా, మంగళవారం నుంచి ట్రే అలాగే ఉంటే తలుపు తీయలేదా? వేలితో తోస్తే జరిగేదానికి తాళం పగలగొట్టాలా?"

"నాకు తోచలేదు తల్లీ."

"తోచలేదా! ఎవరైనా వద్దన్నారా?"

"ఎవరూ అనలేదు. నేనే భయపడ్డాను." సెత్సుకో తొషియేవైపు తిరిగి నడుం వంచి దండం పెట్టింది. "ఇంత ఎండలో మీకు శ్రమ ఇచ్చాం."

తల వంచుకునే చెప్పింది. తొషియే కళ్ళలోకి చూడలేదు. సెత్సుకో ఆమెను కాపాడుతోంది. తొషియే ఇప్పుడు బదులు నమస్కారం చేసి మెట్లు దిగిపోతే, ఈ ఇంటి బదులు రేపు ఇంకో ఇల్లు ఇస్తారు. ఈ ఇంట్లో మాత్రం కూతురు బతికినంతకాలం తల్లిని అడుగుతూనే ఉంటుంది.

"చిహారు గారూ." తొషియే ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. మళ్ళీ అంది. "చిహారు గారూ, మీ అమ్మగారు మంగళవారమే అడిగారు, తలుపు తీయనా అని. వద్దన్నది నేను. మికామి తొషియేని. నా భయం కొద్దీ వద్దన్నాను."

చిహారు తల్లివైపు తిరిగింది. సెత్సుకో వంచిన నడుం ఎత్తలేదు.

గదిలో, తలుపు పక్కనే పరిచిన పాత పేపరు మీద, ఇంకా నేల తాకని కొత్త బూట్ల జత ఉంది. ఒకదానికే లేసు ఎక్కించి ఉంది.