బొగ్గుపులుసు

ఏడు గంటల చూపు కోసం ఇస్సాకు అట్టను చెయ్యి బారునా ఎత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూసి, చూపును అట్ట మీంచి పొగగొట్టం చివరికీ, గొట్టం మీంచి అట్టకీ నడిపించాడు. అట్ట మీద వరసగా ఆరు గడులు. మొదటిది తెలుపు, ఆఖరిది నలుపు. నడుమ నాలుగూ బూడిద రంగువి, ఒకదాన్ని మించి ఒకటి ముదురు. గొట్టంలోంచి వచ్చే పొగ ఏ గడికి సరిపోతే ఆ గడి అంకెను పుస్తకంలో రాయాలి. తెల్ల గడి అంకె సున్నా. ఇరవై ఆరేళ్ళుగా ఇస్సాకు సున్నాలే రాశాడు.

ఇప్పుడూ సున్నా రాశాడు. కలం జేబులో పెట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు.

రాజోలు దాటాక కొబ్బరితోటల మధ్య, గ్యాసు మండించి కరెంటు తీసే చిన్న కేంద్రం అది. బావుల నుంచి గ్యాసు పైపులో వస్తుంది, మిషనులో మండుతుంది, వేడిగాలై పొట్టి గొట్టంలోంచి పైకి పోతుంది. ఆ గాలికి రంగు లేదు. కానీ గొట్టం పైన ఆకాశం వణుకుతుంది. ఆ వణుకులోంచి చూస్తే, ప్రహరీ అవతల సత్యవేణమ్మ గారి తోటలో పాత చెట్లు నీళ్ళ అడుగున నిలబడినట్టు ఉంటాయి. గాలి లేనప్పుడు కూడా వాటి మట్టలు మెల్లగా ఒక పక్కకి సాగి, మళ్ళీ వెనక్కి వస్తాయి. ఇస్సాకు చూసేది పొగ కోసమే అయినా, ఇన్నేళ్ళూ నిజంగా చూసింది ఆ చెట్లను. కలలోకి కూడా అవే వచ్చేవి. ఏ రోజు కలలో చెట్లు కదలకుండా కనబడితే ఆ రోజు ఉలిక్కిపడి లేచి, మిషను ఆగిపోయిందేమోనని చెవి ఒగ్గి వినేవాడు. పక్కన భార్య మరియమ్మ నిద్రమత్తులోనే, తిరుగుతోంది పడుకోండి అనేది.

ఇస్సాకు తండ్రి ఆ తోటలో దింపు తీసేవాడు. కాళ్ళకు బంధం వేసుకుని రోజుకు నలభై చెట్లెక్కి కాయలు దించేవాడు. ఇస్సాకుకు ఎత్తంటే భయం. మూడు చెట్లు ఎక్కి, మూడోదాని మీద కళ్ళు తిరిగి, తండ్రి భుజాల మీద కిందికి దిగాడు. ఆ తర్వాత తోటలో ఒక ముక్కను కేంద్రం కోసం తీసుకున్నారు. కింద నిలబడి పైకి చూసే పని ఒకటుందని తెలిసినప్పుడు ఇస్సాకు తన కోసమే ఎవరో ఆ పనిని కనిపెట్టి ఉంటారనుకున్నాడు.

ఆ పని ఇవాళ్టితో సరి. శాసనసభలో చట్టం వచ్చి మూడేళ్ళయింది. ఇంధనం మండించి కరెంటు తీసే ప్రతి కంపెనీ ఏడాదికి ఇంతకు మించి కార్బన్ డయాక్సైడ్ వదలకూడదని హద్దు పెట్టారు. ఆ హద్దును ఏటేటా కిందికి దించుకొస్తున్నారు. మొదటి ఏడు కేంద్రంలో ఏ తేడా కనబడలేదు. రెండో ఏడు పగలంతా మిషను ఆపి, పొద్దు వాలాక తిప్పారు. పగటికి సీమలోని సోలారు పలకలు చాలని చెప్పారు. ఈ ఏడు అదీ తగ్గింది. ఒక యూనిట్ కరెంటుకు మిగతా చోట్లకన్నా ఇక్కడి పాత మిషనే ఎక్కువ గ్యాసు తింటుంది కాబట్టి, కంపెనీ ముందు దీన్నే వదులుకుంది. మిగిలిన కాసిని గంటలూ దాచిపెట్టి, రాష్ట్రమంతా మూడు రోజులుగా ముసురు పట్టడంతో ఇవాళ తెల్లవారగానే తిప్పారు. ఎండ రాగానే ఆపేస్తారు. ఆపితే ఇక తిప్పరు.

షిఫ్టు ఇంజనీరు గణపతి పోయిన మంగళవారం కంపెనీ పంపిన కాగితం చదివి వినిపించాడు. ఈ గొట్టం వంతు గంటకు పద్దెనిమిది టన్నులని అందులో ఉంది. ఇస్సాకుకు అర్థం కాలేదు. గణపతి కళ్ళద్దాలు తీసి, మీ తెలుగు పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది చూడూ, అదే అన్నాడు.

"బొగ్గు మనకెక్కడిదండి? మనది గ్యాసు కదండీ" అన్నాడు ఇస్సాకు.

గణపతి నవ్వబోయి, ఇస్సాకు ముఖం చూసి ఆగిపోయాడు.

ఏడో తరగతిలో నిర్మల టీచరు బోర్డు మీద ఆ మాట రాసినప్పటి నుంచీ ఇస్సాకు దాన్ని అలాగే నమ్మాడు. బొగ్గు ఉన్నచోట బొగ్గుపులుసు. విజయవాడ వైపు రైల్లో వెళ్తే కనబడే పెద్ద గొట్టాలది ఆ పాపం. తమది కాదు. గ్యాసు మండినా అదే పుడుతుందని, పైకి పోయి అక్కడే ఉండిపోతుందని, ఎండ వేడిని పట్టి ఉంచుతుందని, సముద్రం పెరిగేది అందువల్లేనని గణపతి చాలాసేపు చెప్పాడు. పద్దెనిమిది టన్నులంటే ఎంతండీ అని అడిగితే, రెండు లారీల లోడు అన్నాడు.

అప్పటి నుంచి ఇస్సాకుకు కలలో చెట్లు రావడం మానేశాయి. వాటి బదులు లారీలు వచ్చేవి. గొట్టంలోంచి ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, రంగు లేకుండా, గాజుతో చేసినట్టున్న లారీలు. మబ్బుల్లోకి ఎక్కి వెళ్ళేవి. ఒక్కటీ తిరిగి వచ్చేది కాదు. కింద తను అట్ట ఎత్తి పట్టుకుని, సున్నా, సున్నా అంటూ ఉండేవాడు.

తొమ్మిది గంటల చూపు అయ్యాక క్యాంటీన్ వీరలక్ష్మి టీ తెచ్చింది. కరెంటు ఇక ఎక్కణ్ణించి వస్తుందని గణపతిని అడిగింది. పగలు ఎండ నుంచి, చీకటి పడ్డాక గాలిమరల నుంచి, బ్యాటరీల నుంచి అని ఆయన చెప్పాడు. బొగ్గు కేంద్రాలకూ హద్దు ఉందన్నాడు.

"ఉంటదండీ. ముందు బక్కోళ్ళ మీద పడతారు, బలిసినోళ్ళ దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తారు" అంది వీరలక్ష్మి.

వాటి వంతూ వస్తుందని, ఈ మూడేళ్ళలో రాష్ట్రం మొత్తం మీద వదిలేది తగ్గిందని, ఇంకా చాలా తగ్గాలని గణపతి అన్నాడు. ఆమె గ్లాసులు తీసుకుంటూ ఇస్సాకు వైపు తిరిగింది.

"ఏం బాబాయ్, చేపల పులుసు తెలుసుగానీ ఈ బొగ్గుపులుసు ఎప్పుడు వండేవు మాకు తెలీకుండా?"

ఇస్సాకు నవ్వలేదు. ప్రహరీ వైపు చూస్తున్నాడు. ఇవాళ సత్యవేణమ్మ గారి తోటలో దింపు. ఆవిడ వస్తారు.

పదకొండేళ్ళ కిందట ఆ తోటలో పిందెలు రాలిపోయాయి. గొట్టం వల్లేనని సత్యవేణమ్మ అర్జీ పెట్టింది. అధికారులు వచ్చి పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఊరంతా నిలబడి ఉంది. గొట్టాన్ని రోజూ చూసేది ఎవరని అడిగితే ఇస్సాకును ముందుకు తోశారు. అతను అట్ట ఎత్తి చూపించాడు. "ఏమీ రాదండి. సున్నా" అన్నాడు. సత్యవేణమ్మ అతని వైపు కాసేపు చూసి, ఇస్సాకు అబద్ధమాడడు అని, అర్జీ అక్కడికక్కడే వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి ప్రతి దింపుకూ ఒక బొండాల గెల ప్రహరీ మీదికి వస్తోంది. తీసుకుంటూనే ఉన్నాడు.

ఆ మాట తప్పని ఆవిడకు చెప్పాలి. మిషను ఆగకముందే చెప్పాలి. ఆగిపోయాక చెబితే, పోయినవాళ్ళ మీద తప్పు నెట్టినట్టు ఉంటుంది.

పదకొండు గంటల చూపుకి సున్నా రాయడానికి చెయ్యి రాలేదు. అయినా పొగ లేదు కనుక రాశాడు. పుస్తకం మూసి ప్రహరీ దగ్గరికి నడిచాడు. తుపానుకు ఇటుకలు ఊడినచోట గోడ ఛాతీ ఎత్తే ఉంది. అవతల సత్యవేణమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. కాయలు దబ్ దబ్‌మని పడుతున్నాయి.

"ఇవాళేనంటగా ఆఖరు, ఇస్సాకూ?"

"ఆయ్. మీతో ఒక మాట చెప్పాలండి, సత్యవేణమ్మ గారూ. గొట్టంలోంచి ఏమీ రాదని చెప్పేనండి, ఆ రోజున. వస్తుందండి. గంటకి రెండు లారీలు."

ఆవిడ తల ఎత్తి చూసింది. "ఏదీ?"

"కనపడదండి."

ఆ పిందెలు రాలింది నల్లి పురుగు వల్లని ఆ ఏడాదే తేలిందని, తన చెట్లకేమీ కాలేదని ఆవిడ అంది. చెట్లకు కాదని ఇస్సాకు చెప్పాడు. గణపతి చెప్పినదంతా, పైన నిలిచిపోవడం, వేడి, సముద్రం, తనకు తోచిన వరసలో చెప్పాడు. సముద్రం అన్నచోట ఆవిడ ముఖం మారింది.

"అంతర్వేది పక్కన మా అమ్మ చేను ఉప్పెక్కిపోయింది. గడ్డి కూడా మొలవట్లేదు."

"తెలుసండి. అందులో ఈ గొట్టందీ ఒక చిటికెడు ఉంటదండి. అందుకే చెప్తున్నాను."

రెండు కాయలు పడ్డాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు.

"నీ మాట పట్టుకుని ఊళ్ళో అందరి నోళ్ళూ నేనే మూయించేను."

"ఆయ్."

"ఇప్పుడు అందరికీ చెప్పాలి. ఎవరు చెప్పేరంటే నీ పేరే చెప్తాను."

"చెప్పండి" అన్నాడు ఇస్సాకు.

ఆవిడ కాయల వైపు తిరిగింది. తనలో తను అనుకుంటున్నట్టు, మా ఇంట్లో ఫ్యాన్లూ దీంతోనే తిరిగేయిలే అంది. అతను తలవంచి వెనక్కి వచ్చాడు.

పన్నెండున్నరకు మబ్బు చీలింది. ముందు తోట మీద, తర్వాత షెడ్డు రేకుల మీద, చివరికి సిమెంటు బల్ల మీద ఎండ పడింది. పది నిమిషాలకు, కరెంటు పంపకం చూసే విజయవాడ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. సీమలో కూడా ఎండ కాసిందట. గణపతి సరేనండి అని ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళాడు. మిషను చప్పుడు ఒక్కసారిగా ఆగలేదు. నిద్రలోకి జారేవాళ్ళ మాటల్లా సన్నబడుతూ, తెగుతూ, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. గొట్టం మీద వణుకు పలచబడింది. నీళ్ళలోని చెట్లు ఒక్కొక్కటే ఒడ్డుకు వచ్చి నిలబడ్డాయి. ఇన్నేళ్ళలో మిషను ఎన్నోసార్లు ఆగింది. ఎప్పుడు ఆగినా, మళ్ళీ ఎప్పుడు తిరుగుతుందో ఎవరో ఒకరు చెప్పేవారు.

ఒంటిగంటకు ఇస్సాకు అట్ట తీసుకుని లేచాడు.

"ఇంకేం చూస్తావు, ఆగిపోయిందిగా. ఇవాళ రాయకపోయినా ఫరవాలేదు" అన్నాడు గణపతి.

"ఇవాళే రాయాలండి" అన్నాడు ఇస్సాకు.

చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, ఎప్పటికన్నా ఎక్కువసేపు చూశాడు. గొట్టం పైన ఉత్త ఆకాశం ఉంది. పుస్తకంలో సున్నా రాసి, దాని గుండ్రం సరిగ్గా కలిసిందో లేదో వంగి చూసుకున్నాడు.

రెండింటికి షిఫ్టు అయింది. అట్టను షెడ్డులోని మేకుకు తగిలించాడు. క్యాంటీన్ కిటికీలోంచి వీరలక్ష్మి, వెళ్ళొస్తాననవేంటి బాబాయ్ అంది. చెయ్యి ఊపాడు. ప్రహరీ దగ్గర ఊడిన ఇటుకల మీద బొండాల గెల ఉంది. అవతల ఎవరూ లేరు, స్టూలు కూడా లేదు. ఇస్సాకు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గెలను సైకిలు వెనక కట్టుకుని, ముడి రెండోసారి బిగించి, వెనక గేటులోంచి కాలవ గట్టు మీదికి ఎక్కాడు. కొబ్బరి నీడలు అతని వీపు మీంచి ఒకదాని తర్వాత ఒకటి జారుతుండగా, అతను దూరానికి చిన్నగా అయిపోయి, మలుపు దగ్గర నీడల్లో కలిసిపోయాడు.

షెడ్డులో అట్ట మేకు మీద కొంచెం ఊగి నిలిచింది. అయిదు గడులు అచ్చువేసిన నాటి రంగుల్లోనే ఉన్నాయి. తెల్ల గడి మాత్రం, ఇరవై ఆరేళ్ళు బొటనవేలు ఆని ఆని, పక్కనున్న బూడిద గడి రంగుకు వచ్చింది.