అత్తగారి గొంతు

ఆవిడని జనమంతా అత్తగారనే పిలుస్తారు. సొంత అల్లుడూ అలాగే పిలుస్తాడు గానీ, అతనికా హక్కు పెళ్ళితో వచ్చింది. మిగతావాళ్ళకి టీవీ ఇచ్చింది. పన్నెండేళ్ళ పాటు, వారానికి అయిదు రోజులు, సీరియల్లో కోడల్ని రాచి రంపాన పెట్టిన పుణ్యం అది.

అంతకుముందు ఆవిడ సినిమాల్లో ఉండేది. రెండేళ్ళు హీరోయిన్ పక్కన నిలబడి నవ్వింది. తర్వాత హీరోకి చెల్లెలై అయిదు సినిమాల్లో చచ్చిపోయింది. ముప్ఫై రెండో ఏట, తనకంటే ఆరేళ్ళు పెద్దయిన హీరోకి తల్లయింది. అంతటి కొడుకుని అంత సులువుగా కన్న తల్లి వైద్యశాస్త్రంలో లేదు.

ఇన్నేళ్ళలో తెర మీద ఆవిడ తన గొంతుతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రూపం ఇచ్చేటప్పుడు దేవుడు తీరిగ్గానే కూర్చున్నాడు. గొంతు దగ్గరికొచ్చేసరికి ఆయన్నెవరో పిలిచి ఉంటారు. నూనె ఎరగని తలుపు తీసినట్టుంటుంది. మొదటి సినిమాలో ఆవిడ నోరు తెరవగానే, సౌండ్ ఇంజనీరు చెవులకున్న హెడ్‌ఫోన్లు ఊడదీసి, ఎక్కడ పాడైందో అని అటూ ఇటూ తిప్పి చూశాడట. ఆ రోజు నుంచీ పెదవులు ఆవిడవి, మాట ఇంకొకరిది. సినిమాల్లో నలుగురైదుగురు మాట్లాడారు గానీ, సీరియల్ మొత్తానికీ ఒక్కావిడే మాట్లాడింది. ఆవిడే మన డబ్బింగ్ ఆవిడ.

"ఈ గడప దాటితే నువ్వు నా కోడలివి కావు, దాటకపోతే నేను నీ అత్తను కాను!"

దీని అర్థం రాసినవాడిక్కూడా తెలియదు. కానీ ఆ గొంతులో వినేసరికి ఇంటింటా చేతిలో కంచాలు ఆగిపోయాయి.

నటన మానేసి తొమ్మిదేళ్ళయినా గుట్టు బయటపడలేదు. గడప దాటితే చాలు, మెడకి మఫ్లరు. ఎవరైనా పలకరిస్తే గొంతు చూపించి, చెయ్యి ఊపి, బాధగా నవ్వడం. తొమ్మిదేళ్ళు తగ్గని జలుబు లోకంలో ఆవిడకొక్కదానికే ఉంది. రోజూ పొద్దున్నే అరగంట దేవుడి ముందు కూర్చునేది. ఆరోగ్యం అడిగేది, కూతురి కాపురం చల్లగా ఉండాలనేది. ఆ ఒక్క అబద్ధం ఊసు మాత్రం ఎత్తేది కాదు. ఆయనకెలాగూ తెలుసు కదా, మళ్ళీ చెప్పి విసిగించడం దేనికని.

ఉన్నట్టుండి నటీనటుల సంఘానికి ఆవిడ గుర్తొచ్చింది. ఆదివారం సన్మానమట. కార్యదర్శి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది.

"అమ్మగారు ఆ గడప డైలాగొక్కటి చెబితే చాలండీ. గొంతు కోసం వేణ్ణీళ్ళూ, తేనే నేనే తెస్తాను. పక్కన డాక్టర్ని కూడా కూర్చోబెడతాం."

జలుబుకి దారి మూసుకుపోయింది.

మర్నాడు అత్తగారు కుట్టుమిషన్ల దుకాణం పైన, మూడో అంతస్తుకి ఆయాసపడుతూ ఎక్కింది. డబ్బింగ్ ఆవిడ ఉంటున్నది ఒక్క గది. వీధి రొద వినబడకుండా గోడల నిండా పాత దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీసింది. డెబ్భై ఏళ్ళు దగ్గరపడుతున్నా మైకు ముందు కూర్చుని, పిల్లల కార్టూన్లో ఉడతకి మాట్లాడుతోంది.

"చెల్లీ, బాగున్నావా?"

"ఇన్నేళ్ళకి చెల్లినయ్యానన్నమాట! రండి మేడమ్, కూర్చోండి. కుర్చీ ఒక్కటే, అది ఉడతది. మీరు మంచం మీద సర్దుకోండి."

అత్తగారు సర్దుకుని, అసలు సంగతి చెప్పింది. "నువ్వు తెర వెనకాల మైకు పట్టుకో. నేను ముందు నిలబడి పెదవులు కదుపుతాను. ఒక్క వాక్యం. ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీకుండా పన్నెండేళ్ళు మాట్లాడాను కదా మేడమ్, ఇంకా మోజు తీరలేదా మీకు? టైటిల్స్‌లో పేరు వెయ్యమని నేను బతిమాలితే నిర్మాతతో ఏమన్నారు మీరు?"

అత్తగారు దుప్పట్ల కేసి చూసింది.

"మరిచిపోయారేమో, నేను చెబుతాను. 'జనం చూసేది ముఖాన్ని, గొంతుకి పేరెందుకండీ' అన్నారు. పాపం, ఆ మాటొక్కటీ మీ సొంత గొంతుతోనే అన్నారు."

"అప్పుడేదో పొగరు. ఇప్పుడు పరువు పోతుందే తల్లీ!"

"నేను వస్తాను. తెర వెనక్కి కాదు, మూడో వరుసలో కూర్చుంటాను. ఆ మాటలు నావని ముందు మీరు చెప్పండి. తర్వాత ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మాట్లాడతాను."

అత్తగారు తలూపింది. తలూపడానికి గొంతుతో పన్లేదు కాబట్టి ఎంత పనైనా ఒప్పుకోవచ్చు.

ఆదివారం హాలు నిండింది. అత్తగారి గురించి మాట్లాడిన అయిదుగురూ తమ గురించి చెప్పుకున్నారు. పెద్ద తెర మీద గడప సీను వేశారు. ఆ గొంతు హాలంతా మోగింది, జనం ఈలలు వేశారు. కార్యదర్శి ఒక చేత్తో మైకు, ఒక చేత్తో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. తప్పించుకోవడానికి సందు లేదు. మూడో వరుసలో డబ్బింగ్ ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

అత్తగారు మైకు అందుకుంది. "ఆ గొంతు నాది కాదు. అదిగో, అక్కడ కూర్చున్న ఆవిడది."

వెంటనే చప్పట్లు.

"చూశారా, ఎంత వినయం!" కార్యదర్శి కళ్ళు ఒత్తుకున్నాడు. "వయసుతో గొంతు పోయినా సంస్కారం పోలేదు! తన ఘనతంతా ఎవరో పేదరాలికి ఇచ్చేస్తున్నారు!"

అత్తగారి గుండెల మీంచి బండ దిగినట్టయింది. నిజం చెప్పమన్నారు, చెప్పింది. నమ్మకపోతే తన తప్పా? పరువూ దక్కింది, మాటా దక్కింది. పై వాడి దగ్గర ఇది నిజం కిందే చెల్లుతుందా, లేక అబద్ధం కింద పడుతుందా అని ఒక చిన్న అనుమానం మాత్రం మనసుని కెలికింది. అంతలో మూడో వరుసలో డబ్బింగ్ ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. కోపం లేదు ఆ ముఖంలో. ఎప్పటిలాగే రికార్డింగ్ అయిపోయి ఇంటికెళ్ళే మనిషిలా ఉంది.

"ఆగవే!" అంది అత్తగారు. మైకు కీచుమంది. "బాబూ, ఆ సీను మళ్ళీ వెయ్యండి. సౌండు లేకుండా!"

తెర మీద అత్తగారు వేలు చూపిస్తూ మూగగా రంకెలేస్తోంది. వేదిక మీద అత్తగారు ఆ పెదవులతో కలిపి, తలుపు గొంతుతో చదవసాగింది.

"పదిహేడు ఒకట్ల పదిహేడు! పదిహేడు రెళ్ళు ముప్ఫై నాలుగు! పదిహేడు మూళ్ళు యాభై ఒకటి!"

మూళ్ళతోనే ఆపేసింది గానీ, అక్కడిదాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా పెదవులు కలిశాయి. మొదట ఎవరికీ అర్థం కాలేదు.

"నాకెప్పుడూ డైలాగులు నోటికొచ్చేవి కావు," అంది అత్తగారు. "ఎక్కాలు చదివేదాన్ని. వాటి మీద మాటలు కూర్చి మిమ్మల్ని ఏడిపించింది ఆవిడ. నేను చెప్పింది విని ఎవరైనా ఏడుస్తారా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. కంచాలు వదిలేసి ఏడ్చినవాళ్ళంతా పదిహేడో ఎక్కానికి ఏడ్చామని తెలుసుకుని నవ్వుతున్నారు. అత్తగారి చెవులు కాలిపోయాయి. అయినా మైకు చాచి పట్టుకునే ఉంది.

డబ్బింగ్ ఆవిడ మెట్లెక్కి వచ్చి, మైకు అందుకుని, గొంతు కూడా సవరించుకోకుండా గడప డైలాగు చెప్పింది. నవ్వు తెగిపోయింది. జనం లేచి నిలబడ్డారు. కార్యదర్శి తేనె సీసా ఎవరికివ్వాలో తెలియక తనే పట్టుకుని నిలబడ్డాడు.

చప్పట్ల మధ్య డబ్బింగ్ ఆవిడ అత్తగారి చెవి దగ్గరికి వంగింది.

"నాలుగులు ఎందుకు ఎగ్గొట్టారో చెప్పనా? పదిహేడు నాలుగులు అరవై ఎనిమిది. ఆ సీన్లో మీరు డెబ్భై రెండన్నారు. ఆ ఒక్క తప్పు మీద మాట అతకడానికి పదకొండు టేకులు చేశానక్కా."