రెల్లురేవు ఇంటిపేరు

నేను ఒక ఇంటిపేరును. నన్ను రీడ్‌ఫర్డ్ అంటారు. ఇంగ్లండులో ఒక చిన్న ఏరు, ఒడ్డంతా రెల్లు, మోకాటి లోతు నీళ్లలో మనుషులు నడిచి దాటే రేవు. మీ మాటలో రెల్లురేవు. మంచు కమ్మిన ఉదయాల్లో ఆ రెల్లు ఊగుతుంటే, ఏరే నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది.

విచిత్రమేమంటే, ఆ ఊళ్లో నేను ఎవరికీ లేను. అందరూ అక్కడివాళ్లే అయినప్పుడు నాతో పనేముంది? జాన్ అనే గొర్రెల కాపరి పట్నానికి వలసపోయాడు. అక్కడ వీధికో జాన్ ఉన్నాడు. అందుకని ఇతణ్ణి జాన్ రీడ్‌ఫర్డ్ అన్నారు. ఊరు వదిలిన తరువాతే అతనికి ఊరు అంటుకుంది.

ఆపైన చెదిరిపోయాను. కొన్ని బొగ్గు గనుల్లోకి దిగాను, కొన్ని సమాధిరాళ్ల మీద నాచు కింద నిద్రపోయాను, కొన్ని ఓడలెక్కాను. ఒక ఇంజను డ్రైవరు వెంట బిట్రగుంట రైల్వే కాలనీకి వచ్చాను. అతను ఇక్కడి పిల్లనే పెళ్లాడాడు. మూడు తరాలు గడిచేసరికి ఆ ఇంట మిగిలింది డోరీన్ ఒక్కతే. పెళ్లి చేసుకోలేదు, రైల్వే ఆసుపత్రిలో నర్సు. అన్న సిరిల్ ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు.

ఒక వేసవిలో ఆసుపత్రిలో ఒక కూలిమనిషి జ్వరంతో చనిపోయింది. ఆమె ఐదేళ్ల కూతురు చెంచమ్మ డోరీన్ గౌను పట్టుకుని వదల్లేదు. నెలలు గడిచినా పిల్ల కోసం ఎవరూ రాలేదు. డోరీనే పెంచుకుంది.

సిరిల్ ఉత్తరం రాశాడు: "పెంచుకో, కాదనను. మన పేరు మాత్రం ఇవ్వకు. అది మన రక్తానిది."

డోరీన్ ఆ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టింది. నాకు బెంగ పట్టుకుంది. ఈ గడ్డ మీద నేను ఇక్కడితో ఆగిపోతానేమో!

బడిలో చేర్చే రోజు హెడ్మాస్టరు కలం ఎత్తి ఆగాడు. "బిడ్డ మీకు పుట్టింది కాదు గదమ్మా. ఇంటిపేరు ఏం రాసేది?"

"మాదే రాయండి సార్. అది ఒక రేవు పేరు. దాటేవాళ్లని ఎవరి బిడ్డవని రేవు అడగదు గదా."

ఆయన మీ తెలుగువాళ్ల పద్ధతిలో రాశాడు. మర్నాడు హాజరు పిలిచారు.

"రీడ్‌ఫర్డ్ చెంచమ్మ!"

"వచ్చినాను సార్!"

ఇన్ని వందల ఏళ్లూ మనుషుల పేర్ల వెనకే నడిచాను. ఆ ఉదయం మొదటిసారి ఒక పిల్లకు ముందు నడిచాను.